సూదంటురాయి నుండి సూక్ష్మకణం దాకా

మోకాలు నొప్పి పెట్టినప్పుడు మాత్రను మనం నోట వేసుకుంటాము. అది కడుపులో కరిగి, రక్తంలో కలిసి, నడినెత్తి మొదలు అరికాలి దాకా దేహమంతటా సంచరించి, ఆ సంచారంలో భాగంగా మోకాలిని కూడా ఒకమారు పలకరిస్తుంది. మందుకు వ్యాధి చిరునామా తెలియదు. అది అన్ని గడపలూ తొక్కుతుంది. చిన్న చిన్న రుగ్మతలలో ఇందువల్ల పెద్ద నష్టం లేదు. కాని రాచపుండు వంటి వ్యాధులకు వాడే మందులలో అనేకం స్వతహాగా విషప్రాయమైనవి. రోగకణాన్ని చంపే బలంతోనే అవి ఆరోగ్యకణాన్ని కూడా చంపగలవు. చికిత్స పొందుతున్న పసిబిడ్డ తలవెంట్రుకలు రాలిపోవడం, నోరు పూయడం, వాంతులతో సొమ్మసిల్లడం చూసి తల్లిదండ్రులు తల్లడిల్లుతారు. వీటిలో పెక్కు వ్యాధి చేసిన గాయాలు కావు. పరాయి గడప తొక్కిన మందు చేసిన గాయాలు.

మందును రోగమున్న చోటికే నడిపించి, అక్కడే నిలిపి, అక్కడే పనిచేయించడం సాధ్యమా? ఈ ప్రశ్నకు ఇరవయ్యవ శతాబ్దిలో వైద్యులు, భౌతికశాస్త్రవేత్తలు కలిసి వెదకిన సమాధానాలలో అయస్కాంతం ఒకటి. ఇనుముతో కూడిన అతిసూక్ష్మ కణాలకు మందును అంటించి, వెలుపలి నుండి అయస్కాంతంతో వాటిని కణితి వద్దకు రప్పించాలన్నదే ఆ ఆలోచన. వినడానికి సులువుగా తోచే ఈ ఆలోచన వెనుక సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది. అందులో విజయాలు ఉన్నవి, వైఫల్యాలు ఉన్నవి, భ్రమలు కూడా ఉన్నవి. ఆ మూడింటిని వేరుచేసి చూడడం నేర్చుకోవడమే ఈ చరిత్రను చదవడంలోని ప్రయోజనం.

సుశ్రుతుని సూదంటురాయి

అయస్కాంత శిలకు తెలుగువారు పెట్టుకున్న పేరు సూదంటురాయి. సూది అంటుకొనే రాయి గనుక అది సూదంటురాయి. సంస్కృతంలోని అయస్కాంత శబ్దానికి ఇనుముకు ప్రియమైనదని అర్థం. ఈ రాతిని వైద్యంలో వాడిన ప్రస్తావన సుశ్రుత సంహితలోనే కనిపిస్తుంది. దేహంలో దిగబడిన శల్యాలను వెలికి తీయడానికి ఆ గ్రంథం సూత్రస్థానంలో పదిహేను ఉపాయాలు చెప్పింది. అయస్కాంతం వాటిలో ఒకటి. అయితే దానిని అన్నివేళలా వాడమని సుశ్రుతుడు చెప్పలేదు. బాణపు ములికికి వెనుదిరిగిన అంచులు ఉండరాదు. అది లోపల బిగుసుకుపోయి ఉండరాదు. తిన్నగా వెలికి వచ్చే వాటంలో ఉండాలి. గాయపు నోరు విశాలంగా ఉండాలి. ఇన్ని షరతులు కుదిరినప్పుడే అయస్కాంతం పనికివస్తుందని ఆనాడే గుర్తించడం విశేషం.

ఐరోపాలోనూ ఇటువంటి వినియోగమే కనబడుతుంది. 1600లో అయస్కాంతంపై ప్రసిద్ధ గ్రంథాన్ని వెలువరించిన విలియం గిల్బర్టు వృత్తిరీత్యా లండనులో వైద్యుడు. ఆయన ఆ గ్రంథంలో, ప్రతి మాటను ప్రయోగంతో సరిచూడనిదే అంగీకరించరాదన్న పద్ధతిని ఆచరించి చూపాడు. 1624లో ఒక రోగి కంటిలో ఇరుక్కున్న లోహపు ముక్కను అయస్కాంతంతో తీయవచ్చునన్న ఉపాయం మరీ కోలినె అనే మహిళకు తట్టింది. ఆమె భర్త ఫబ్రీసియస్ హిల్డానస్ పేరు పొందిన శస్త్రవైద్యుడు. ఆ ఘనత తన భార్యదేనని ఆయన తన రచనలో నిజాయితీగా పేర్కొన్నాడు.

ఈ రెండు ఉదంతాలలోను గమనించదగినది ఒకటి ఉన్నది. అయస్కాంతం ఇనుమును లాగుతుంది; అయితే ఇనుము దగ్గరగా ఉండాలి, అది వచ్చేందుకు దారి తెరచి ఉండాలి. శతాబ్దాల తరువాత సూక్ష్మకణాలతో ప్రయోగాలు చేసిన వారికి కూడా ఈ రెండు షరతులే ఎదురు నిలిచినవి.

ఏప్రికాట్ చెట్టు చెప్పిన సాక్ష్యం

అయస్కాంతానికి వైద్యంలో మంచిపేరు కన్న ముందే చెడ్డపేరు వచ్చింది. పద్దెనిమిదవ శతాబ్దిలో ఫ్రాంజ్ మెస్మర్ అనే వైద్యుడు వియన్నాలో మొదట అయస్కాంతాలతో చికిత్స ప్రారంభించాడు. పిమ్మట అయస్కాంతాలు కూడా అక్కరలేదని, ప్రాణులలో ప్రవహించే ఒక అదృశ్య ద్రవాన్ని తాను చేతులతోనే మళ్ళించగలనని చాటుకున్నాడు. పారిస్ నగరంలో జనం ఆయన ఇంటికి బారులు తీరారు.

1784లో ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ ఈ విషయాన్ని విచారించడానికి ఒక సంఘాన్ని నియమించాడు. అమెరికా ప్రతినిధిగా అప్పుడు ఫ్రాన్సులో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయనశాస్త్ర పితామహుడు లవాసియే అందులో సభ్యులు. వారు జరిపిన పరీక్షలలో ఒకటి విద్యార్థులకు బోధించదగినది. ఫ్రాంక్లిన్ నివాసపు తోటలో ఒక ఏప్రికాట్ చెట్టుకు మెస్మర్ శిష్యుడు తన శక్తిని ఆవాహన చేశాడు. తరువాత కళ్ళకు గంతలు కట్టిన ఒక బాలుణ్ణి అక్కడి చెట్ల వద్దకు ఒకదాని తరువాత ఒకదానికి నడిపించారు. నాలుగవ చెట్టు దగ్గర బాలుడు స్పృహ తప్పి పడిపోయాడు. ఆ చెట్టు ఆవాహన చేసిన చెట్టు కాదు. అసలు చెట్టుకు దూరంగా ఉన్నది! రోగులలో కనిపించే ప్రభావాలు ఊహాబలం వల్ల కలుగుతున్నవే గాని ఏ ద్రవం వల్లనూ కాదని సంఘం తేల్చి చెప్పింది. కళ్ళకు గంతలు కట్టి పరీక్షించిన ఈ పద్ధతి, నేడు కొత్త మందులను నిగ్గుతేల్చే పరీక్షలకు పూర్వరూపం అనదగినది.

రామబాణం కోసం అన్వేషణ

మందును గురి చూసి ప్రయోగించాలన్న ఆలోచనకు శాస్త్రరూపం ఇచ్చినవారు జర్మనీకి చెందిన పౌల్ ఎర్లిక్. 1854లో జన్మించిన ఎర్లిక్ విద్యార్థి దశ నుండి రంగులపై మక్కువ గలవారు. సూక్ష్మదర్శిని కింద పరిశీలించేటప్పుడు కొన్ని రంగులు కొన్ని కణాలకే పడుతున్నవి, పక్కనున్న కణాలను అంటడం లేదు. రంగు ఒక కణాన్ని ఎంచుకోగలిగితే విషం మాత్రం ఎందుకు ఎంచుకోలేదు? రోగక్రిమిని వెదకి పట్టి చంపి, రోగిని విడిచిపెట్టే పదార్థం ఒకటి ఉండి తీరాలని ఆయన విశ్వసించారు. దానికి ఆయన పెట్టిన పేరును తెలుగులో మాంత్రిక తూటా అనవచ్చును. తెలుగువారికి దానికన్న చక్కని మాట ఏనాటి నుండో ఉన్నది: రామబాణం.

1909లో ఎర్లిక్ ప్రయోగశాలలో జపాను శాస్త్రవేత్త సహచిరో హటా 606వ సంఖ్య గల పదార్థాన్ని పరీక్షించి, అది సిఫిలిస్ క్రిమిపై పనిచేస్తుందని కనుగొన్నారు. 1910లో అది సాల్వర్సాన్ పేరుతో మందుగా వెలువడింది. అయితే క్రిమి వేరు, క్యాన్సర్ కణం వేరు. క్రిమి పరాయిది గనుక దానిని గుర్తించడం కొంత సులభం. క్యాన్సర్ కణం మన దేహంలో పుట్టి, అదుపు తప్పి పెరిగిన మన కణమే. దానిని గురి పెట్టడం ఇంటిలోని వారిలో దొంగను పట్టడం వంటిది.

సుబ్బారావుగారి కానుక

ఈ చరిత్రలో తెలుగుజాతి గర్వించదగిన అధ్యాయం ఒకటి ఉన్నది. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు రాజమహేంద్రవరంలోను, ఆ తరువాత మదరాసులోను చదువుకున్నారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవమారు మదరాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు. మదరాసు వైద్యకళాశాలలో చదివి, 1922లో అమెరికా చేరారు. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్దిరోజుల వ్యవధిలో పొట్టన పెట్టుకున్నది. ఆ దుఃఖం ఆయన పరిశోధనకు ఒక దారి చూపింది. 1940లో లెడర్లీ పరిశోధనాలయంలో చేరిన తరువాత ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ వ్యాధిలోని రక్తహీనతకు అది మందయింది.

ఫోలిక్ ఆమ్లం లేనిదే కణాలు విభజన చెందలేవు. అలాగైతే ఫోలిక్ ఆమ్లంవలె కనిపిస్తూ దాని పని చేయని ఒక మారువేషపు పదార్థాన్ని ఇచ్చినచో, వేగంగా పెరిగే క్యాన్సర్ కణం మోసపోదా? ఈ తర్కం నుండి పుట్టినదే అమినోప్టెరిన్. బోస్టనులో పిల్లల వైద్యశాలకు చెందిన సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సర్‌తో మరణశయ్యపై ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టినట్లు 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఉపశమనం తాత్కాలికమే అయినా, అంతవరకు ఏ మందుకూ లొంగని వ్యాధి మొదటిసారి వెనుకంజ వేసింది. అది జరిగిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో సుబ్బారావుగారు 53 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేటు నేటికీ రక్తక్యాన్సర్‌లోను, కీళ్ళవాతంలోను వాడుకలో ఉన్నది.

అయితే ఈ మందుకు కూడా చిరునామా తెలియదు. వేగంగా విభజన చెందేవి క్యాన్సర్ కణాలు మాత్రమే కావు. వెంట్రుకల కుదుళ్ళు, నోటిలోని పొర, ప్రేగుల లోపలి పొర, ఎముకల్లోని మూలుగ కూడా అట్టివే. మారువేషం వాటినీ మోసగిస్తుంది. ఎంత గొప్ప మందు కనుగొన్నా దానిని ఎక్కడికి చేర్చాలన్న ప్రశ్న మిగిలే ఉన్నదని ఈ అనుభవం వైద్యలోకానికి తెలియజెప్పింది.

రాకెట్టు ఇంధనం, ఇనుపరజను

సరిగ్గా ఈ కాలంలోనే అయస్కాంతశాస్త్రంలో మరొక మార్గం తెరుచుకున్నది. 1949లో ఫ్రాన్సు శాస్త్రవేత్త లూయీ నీల్, ఇనుప ఆక్సైడు వంటి పదార్థాలను అతిసూక్ష్మ కణాలుగా విభజిస్తే అవి విచిత్రంగా ప్రవర్తిస్తాయని సిద్ధాంతీకరించారు. పెద్ద ఇనుపముక్కను అయస్కాంతంతో రుద్దితే అది తానే అయస్కాంతమై, తోటి ముక్కలను అంటిపెట్టుకొని ఉంటుంది. కాని ఇరవై నానోమీటర్లకు లోపు మాగ్నటైటు కణం అలా కాదు. అయస్కాంతం దగ్గరగా ఉన్నంతసేపు దానివైపు లాగబడుతుంది. అయస్కాంతాన్ని తీసివేయగానే ఆ గుణాన్ని విడిచి మామూలు ధూళి కణంలా తిరుగుతుంది. నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. ఈ గుణమే లేకపోయినట్లయితే కణాలన్నీ రక్తనాళంలో ఒకదానికొకటి అతుక్కొని ముద్దకట్టి, ప్రాణానికే ముప్పు తెచ్చేవి.

1957లో అమెరికాలో గిల్‌క్రిస్టు, ఆయన సహచరులు లింఫు గ్రంథులలోకి పాకిన క్యాన్సర్ కణాలను వేడితో చంపే ఉద్దేశంతో, అయస్కాంత కణాలను ఆ గ్రంథులలోకి పంపి, వేగంగా దిశ మారే అయస్కాంత క్షేత్రంతో వాటిని వేడెక్కించే పద్ధతిని ప్రతిపాదించారు. 1960లో ఫ్రీమన్, ఆరట్, వాట్సన్ అనే ముగ్గురు మరొక అడుగు ముందుకు వేశారు. సూక్ష్మమైన ఇనుప కణాలను రక్తప్రవాహంలో పంపి, అయస్కాంత క్షేత్రం సాయంతో దేహంలో కోరిన చోట పోగుచేయవచ్చునని వారు సూచించారు. మందును మోసే అయస్కాంత వాహనమన్న ఆలోచనకు ఇది నాంది.

అట్టి కణాలు చెదరకుండా ద్రవంలో తేలియాడే ఉపాయం ఆశ్చర్యకరంగా అంతరిక్షశాస్త్రం నుండి వచ్చింది. భారరహిత స్థితిలో రాకెట్టు ఇంధనం తొట్టిలో ఎటుబడితే అటు తేలిపోతుంది. దానిని పంపు నోటికి చేర్చడం ఎట్లా? 1963లో అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన స్టీఫెన్ పాపెల్ మాగ్నటైటును ఓలియిక్ ఆమ్లంతో కలిపి కిరోసిన్ వంటి ద్రవంలో రోజుల తరబడి నూరి, అయస్కాంతం ఎటు పిలిస్తే అటు నడిచే నల్లని ద్రవాన్ని తయారుచేశారు. ఓలియిక్ ఆమ్లం ప్రతి కణానికి తొడుగులా పట్టి, వాటిని ఒకదానికొకటి అంటుకోనివ్వదు. ఆ పద్ధతిలో రాకెట్టు నడవలేదు గాని, తొడుగు వేసిన కణమన్న సూత్రం వైద్యానికి అక్కరకు వచ్చింది. వైద్యానికి వాడే కణాలకు కిరోసిన్ బదులు నీటిలో నిలిచేటట్లు డెక్స్‌ట్రాన్ అనే చక్కెర పదార్థపు తొడుగో, మరొక తొడుగో వేస్తారు. ఆ తొడుగుకే మందును అంటిస్తారు.

ఎలుకల నుండి మనుషుల దాకా

1978లో షికాగోకు చెందిన విడ్డర్, సెన్యెయి, వారి సహచరులు రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తుతో చిన్న గోళాలు చేసి, వాటిలో మాగ్నటైటును, డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందును ఇమిడ్చారు. ఎలుక తోకకు వెలుపల అయస్కాంతాన్ని ఉంచి ఆ గోళాలను రక్తంలోకి ఎక్కించగా, అవి ఆ చోటనే నిలిచినవి. 1981లో తోకకు కణితి ఉన్న ఎలుకలపై ప్రయోగించినప్పుడు చాలా ఎలుకలలో కణితి పూర్తిగా అంతరించింది. శాస్త్రలోకంలో ఆశలు చిగురించినవి.

మనుషులపై మొదటి పరీక్ష బెర్లిన్‌లో లూబె బృందం జరిపింది. దాని ఫలితాలు 1996లో వెలువడినవి. ఇతర చికిత్సలకు లొంగని కణితులు గల 14 మంది రోగులకు ఎపిరుబిసిన్ మందును మోసే కణాలను ఎక్కించి, కణితికి సమీపంగా చర్మం వద్ద బలమైన అయస్కాంతాన్ని ఉంచారు. రోగులు ఆ చికిత్సను బాగానే తట్టుకున్నారు. సుమారు సగం మందిలో కణాలు కణితి వద్దకు చేరినట్లు తెలిసింది. మిగిలిన సగం మందిలో అట్లా జరగలేదు. ఈ సత్యాన్ని పరిశోధకులు దాచకుండా ప్రకటించారు.

2000లో జర్మనీలోనే అలెక్సియూ బృందం కుందేళ్ళపై జరిపిన ప్రయోగం మరికొంత ఉత్సాహాన్నిచ్చింది. వారు కణాలను సిరలోకి కాక, కణితికి రక్తాన్ని చేరవేసే ధమనిలోకే ఎక్కించారు. మైటోజాంట్రోన్ అనే మందును మామూలు మోతాదులో 20 నుండి 50 శాతం మాత్రమే వాడినా కణితులు పూర్తిగా తగ్గినవి. కాని అదే దశాబ్దంలో కాలేయపు క్యాన్సర్ రోగులపై అమెరికా సంస్థ ఒకటి చేపట్టిన పెద్ద పరీక్ష ఆశించిన ఫలితాలు చూపలేక 2004లో ఆగిపోయింది. ఎలుక తోక వద్ద నెగ్గిన ఉపాయం మనిషి పొట్టలో ఎందుకు నెగ్గలేదు?

ప్రకృతి విధించిన షరతులు

సమాధానం పాఠశాలలో చెప్పే భౌతికశాస్త్రంలోనే ఉన్నది. అయస్కాంతపు పట్టు దూరంతోపాటు అతివేగంగా సన్నగిల్లుతుంది. ఎలుక తోకలో ఏ రక్తనాళమైనా చర్మానికి మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. మనిషి కాలేయం మధ్యభాగం చర్మానికి అనేక సెంటీమీటర్ల లోతున ఉంటుంది.

రెండవది, కణం పరిమాణం. కణంపై అయస్కాంతం ప్రయోగించే బలం కణపు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. కణపు వ్యాసాన్ని పదోవంతుకు తగ్గిస్తే బలం వెయ్యోవంతుకు పడిపోతుంది. పెద్ద కణం సన్నని నాళాలలో ఇరుక్కుంటుంది. చిన్న కణాన్ని అయస్కాంతం పట్టలేదు. పెద్ద ధమనులలో రక్తం సెకనుకు పదుల సెంటీమీటర్ల వేగంతో పరుగిడుతుంది. సన్నని కేశనాళికలలో మాత్రమే ఆ వేగం సెకనుకు మిల్లీమీటరుకు అటు ఇటుగా ఉంటుంది. అక్కడనే అయస్కాంతానికి కణాలు చిక్కే అవకాశం.

మూడవది అన్నిటికన్న మౌలికమైనది. 1842లో శామ్యూల్ ఎర్న్‌షా అనే ఇంగ్లండు గణితవేత్త నిరూపించిన సిద్ధాంతం ఒకటి ఉన్నది. దాని సారాన్ని ఇక్కడికి అన్వయిస్తే, దేహానికి వెలుపల కదలకుండా పెట్టిన అయస్కాంతాలను ఎన్ని విధాల అమర్చినా, దేహపు లోతులో ఒక బిందువు వద్ద కణాలను నిలకడగా బంధించడం వీలుకాదు. అయస్కాంతం ఎప్పుడూ తనవైపే లాగుకుంటుంది. అందువల్ల చర్మానికి దగ్గరగా ఉన్న కణితులకు ఈ పద్ధతి అనుకూలం, లోతున ఉన్నవాటికి ప్రతికూలం. దగ్గరగా ఉండాలి, దారి తెరచి ఉండాలి అన్న సుశ్రుతుని నాటి షరతులు ఇక్కడ మరల గుర్తుకు రాక మానవు.

వీటన్నిటికి తోడు దేహానికి తన కాపలా తనకున్నది. రక్తంలో పరాయి కణం కనబడగానే కాలేయంలోను, ప్లీహంలోను ఉన్న రక్షకకణాలు దానిని మింగివేస్తాయి. కణితికి పంపిన సరుకులో అధికభాగం కాలేయానికి చేరిపోతుంది. ఇది అయస్కాంత కణాలకే పరిమితమైన చిక్కు కాదు. పదేళ్ళ కాలంలో వెలువడిన పరిశోధనలను కెనడాకు చెందిన టొరాంటో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు క్రోడీకరించి, ఎక్కించిన నానోకణాలలో కణితికి చేరుతున్నది సాధారణంగా 0.7 శాతమేనని 2016లో ప్రకటించారు. అంటే వెయ్యిలో ఏడు!

అడ్డంకి నుండి పుట్టిన ఉపకారం

అయినా ఇన్నేళ్ళ శ్రమ వ్యర్థం కాలేదు. కణాలు కాలేయానికే పోతున్నవి గదా, అయితే కాలేయాన్ని పరీక్షించడానికే వాటిని వాడుదామని కొందరు తలచారు. ఆరోగ్యకరమైన కాలేయ భాగం ఈ కణాలను మింగి ఎం.ఆర్.ఐ. చిత్రంలో నల్లగా కనబడుతుంది. కణితిలో ఆ రక్షకకణాలు ఉండవు గనుక అది తెల్లగా మిగిలి బయటపడుతుంది. ఇందుకై తయారైన కణద్రవానికి అమెరికాలో 1996లో అనుమతి లభించింది. కాలక్రమంలో అది వాడుక నుండి తప్పుకున్నది. కణాలను మింగిన దేహం వాటిలోని ఇనుమును రక్తం తయారీకి వాడుకుంటుందన్న సంగతి కూడా వ్యర్థం కాలేదు. మూత్రపిండాల వ్యాధి గలవారి రక్తహీనతకు అటువంటి ఇనుప ఆక్సైడు కణాలనే మందుగా 2009లో అమెరికాలో అనుమతించారు.

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో వ్యాధి మొదట పాకగల లింఫు గ్రంథిని గుర్తించడానికి రేడియోధార్మిక పదార్థం వాడడం పరిపాటి. దానికి బదులు అయస్కాంత కణాలను రొమ్ములోకి ఎక్కించి, అవి చేరిన గ్రంథిని ఒక పరికరంతో కనిపెట్టే పద్ధతికి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. రోగం పాకని గ్రంథులను అనవసరంగా కోసివేయకుండా కాపాడే ఈ పరీక్ష మహిళలకు ఎంతో మేలైనది. గిల్‌క్రిస్టు కలగన్న వేడి చికిత్స కూడా బెర్లిన్‌లో ఆండ్రియాస్ యోర్డాన్ బృందం దీర్ఘకాల కృషితో మెదడు కణితుల చికిత్సగా రూపొంది, 2010లో ఐరోపా అనుమతి పొందింది. అందులో కణాలను రక్తంలోకి కాక సూదితో నేరుగా కణితిలోకే ఎక్కిస్తారు. దారి కష్టమైనప్పుడు దారినే తప్పించిన ఉపాయమిది.

మందును మోసే వాహనాల కోసం కొత్త ప్రయోగాలు కూడా సాగినవి. 2005లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మాగ్నటైటు నానోకణాలకు మెథోట్రెక్సేటును అతికించి, ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాలపై పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. ఫోలిక్ ఆమ్లం కోసం ఆకలిగొన్న కొన్ని క్యాన్సర్ కణాలు ఆ పోలిక గల మందును, దానితోపాటు కణాన్ని కూడా లోనికి తీసుకుంటాయి. అంటే మెథోట్రెక్సేటు ఇక్కడ ఆయుధమూ తానే, చిరునామా కూడా తానే. సుబ్బారావుగారి కాలంలో వేసిన విత్తనం ఆరు దశాబ్దాల తరువాత ఇట్లా మరో మొలక వేసింది.

1975లో బ్లేక్‌మోర్ అనే శాస్త్రవేత్త, దేహంలో మాగ్నటైటు గొలుసును దిక్సూచిలా ధరించి ఈదే బాక్టీరియాను లోకానికి పరిచయం చేశాడు. కెనడాలో సిల్వెయిన్ మార్టెల్ బృందం 2016లో అటువంటి బాక్టీరియాకు మందు సంచులను తగిలించి, అయస్కాంతంతో దిశ చూపి, ఎలుకలలోని కణితి లోపలి భాగాలకు వాటిని చేర్చగలిగింది. అయస్కాంతం ఇక్కడ లాగడం మానివేసి, దారి మాత్రమే చూపుతున్నది, నడక బాక్టీరియాదే. ఇది ఇంకా జంతువులపై ప్రయోగ దశలోని పరిశోధన.

ముగింపు

ఫ్రీమన్ బృందం సూచన వెలువడి ఆరు దశాబ్దాలు దాటినవి. రక్తంలోకి ఎక్కించిన మందును అయస్కాంతంతో కణితికి చేర్చే పద్ధతి నేటికీ ఆసుపత్రులలో వాడుక చికిత్స కాలేదు. దీనిని అపజయమని తీసివేయనక్కరలేదు, జయమని చాటనూ రాదు. ఒక పరిశోధకుడు సగం మందిలోనే పనిచేసిందని చెప్పినప్పుడు, మరొకరు వెయ్యిలో ఏడే చేరుతున్నవని లెక్క తేల్చినప్పుడు శాస్త్రం ఒక మెట్టు ఎక్కింది. తన ఓటమిని తానే లెక్కగట్టి ప్రకటించగలగడమే శాస్త్రానికి, మెస్మర్ వంటివారి ప్రచారానికి ఉన్న తేడా.

ఆ తేడా తెలియకపోవడం నేటికీ ప్రమాదమే. 2021లో కోవిడ్ టీకా వేయించుకున్న చేతికి అయస్కాంతాలు, నాణేలు అంటుకుంటున్నవన్న వదంతి దేశవిదేశాలలో వ్యాపించింది. చెమట, చర్మంపై జిడ్డు ఉంటే చిన్న నాణెం ఎవరి చేతికైనా అంటుకుంటుంది. టీకాలలో అయస్కాంతపు రజను లేదు. అదేవిధంగా రక్తంలో ఇనుమున్నది గనుక అయస్కాంతపు గాజులు, పరుపులు జబ్బులు కుదురుస్తాయని నమ్మేవారున్నారు. రక్తంలోని ఇనుము ఇనుపమేకువలె అయస్కాంతానికి లాగబడదు. అట్లా లాగబడేదే అయితే, భూమి అయస్కాంత క్షేత్రానికి వేల రెట్లు బలమైన ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకున్న రోగి క్షేమంగా లేచి ఇంటికి రాగలడా? ఈ గాజులు, పరుపులు క్యాన్సర్‌ను నయం చేస్తాయనడానికి ఎట్టి ఆధారమూ లేదు. వాటిని నమ్మి వైద్యుని వద్దకు పోవడంలో ఆలస్యం చేసిన ప్రతిరోజూ రోగికి నష్టమే.

సూదంటురాయి సూదిని అంటుకుంటుందని పిల్లలకు చూపడం ప్రాథమిక తరగతిలోనే జరుగుతుంది. అది ఎంత దూరం నుండి అంటుకుంటుంది, మధ్యలో చెక్క పెడితే ఏమవుతుంది, నీటిలో ఏమవుతుంది అని అడిగి, కొలిచి, రాసుకున్న బాలిక అప్పుడే గిల్బర్టు మార్గంలో అడుగు పెట్టినట్లు. మూడవమారు పరీక్ష నెగ్గిన ఒక విద్యార్థి చేతిమీదుగా లక్షల బిడ్డల ప్రాణాలు నిలిపే మందులకు దారి ఏర్పడినదని చరిత్ర చెబుతున్నది. ఆ మందు దారి తప్పకుండా కణితి గడపకే చేరే రోజు ఇంకా రావలసి ఉన్నది. దానికి దారి చూపేవారు నేడు ఏ తరగతి గదిలోనో సూదంటురాయితో ఆడుకుంటూ ఉండవచ్చును.